నలభై మూడిళ్ల పెరుగు

ముప్పయ్యేళ్లుగా పెరుగు మీద పరిశోధన చేస్తున్న మనిషికి పాలు తోడుపెట్టడం రాదు. ఈ మాట ఎవరితో చెప్పినా నవ్వుతారు గానీ, మా ఇంట్లో ఇది నవ్వే విషయం కాదు. ఒకసారి నేను మా చెల్లెలింటికి వెళ్లినప్పుడు మావారు, డాక్టర్ ఉమాకాంతం గారు, సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యులు, పొగలు కక్కే పాలలో తోడు వేశారు. పాలు విరిగిపోయాయి. ఎందుకు విరిగాయో నాకు ఫోన్లో ఇరవై నిమిషాలు వివరించారు. చెప్పిన కారణాలన్నీ సరైనవే. పెరుగు మాత్రం లేదు.

ఫ్రిజ్‌లో ప్రతి గిన్నెకీ చీటీ అంటిస్తారు. పచ్చడి జాడీ మీద తారీఖు, టైము ఉంటాయి. నా పుట్టినరోజు ఏ తారీఖో మాత్రం ఏటా నన్నే అడుగుతారు.

ఈ జాబితాకి ఈ సంవత్సరం ఇంకొకటి చేరింది. జనవరి నుంచి పెరుగు తినడం మానేశారు. సైనస్ అన్నారు. కోనసీమలో పుట్టి, చివర పెరుగన్నం పడకపోతే భోజనమే చెయ్యలేదనే మనిషి, గిన్నె ఇటు జరిపేసి చెయ్యి కడుక్కోవడానికి లేచేవారు. పాపమని రోజూ మిరియాల కషాయం కాచి ఇచ్చాను. మాట్లాడకుండా తాగేవారు. తర్వాత జరిగినదంతా తలుచుకుంటే నాకు కోపం వచ్చే విషయాలు చాలా ఉన్నాయి. వాటిలో ఆ మిరియాలు కూడా ఒకటి.

మాది బెల్లపుకొట్ల వీధి. పేరుకి తగ్గ కొట్లు ఇప్పుడు రెండే మిగిలాయి. నలభై మూడు ఇళ్లు, వీధి చివర యూనివర్సిటీ వాళ్ల పాల పరిశోధన కేంద్రం. ఈ వీధిలో తోడుకి కొన్ని పద్ధతులున్నాయి. అడిగితే లేదనకూడదు. దీపాలు పెట్టాక ఇవ్వకూడదు. ఎవరింటి పెరుగో ఆరా తియ్యకూడదు. ఊరెళ్లి వచ్చినవాళ్లకీ, పిల్లి గిన్నె తన్నేసినవాళ్లకీ, చలికాలం పాలు పేరుకోనివాళ్లకీ ముందు గుర్తొచ్చేది మా తలుపే. గిన్నె బోర్లించినా జారని పెరుగని మా ఇంటి పెరుగుకి పేరు. నేను బి.ఎస్సీ. హోమ్ సైన్స్ పాసయ్యాను. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. పెరుగు సంగతి అందరికీ తెలుసు.

మూడేళ్ల కిందట మావారికి దీని మీదే ఆలోచన వచ్చింది. ఏ ఇంటి పెరుగు ఏ ఇంటి నుంచి వచ్చిందో పటం గీస్తామన్నారు. కేంద్రం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, అందరికీ విషయం చెప్పి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర చెంచాడు చెంచాడు పెరుగు తీసుకున్నారు. వీధిలో ఆడవాళ్లకి అదొక పండగైంది. మా అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు ఎవరిచ్చారు, తుపాను ఏడాది ఎవరిచ్చారు అని పాత కథలన్నీ బయటకొచ్చాయి. పెరుగులోని జీవుల్ని పోల్చి చూస్తే, ముప్పై ఒక్క ఇళ్ల పెరుగు నేరుగానో ఒక చెయ్యి మారో మా వంటింటి నుంచే వెళ్లిందని తేలింది. ఇంకో సంగతీ బయటపడింది. ఒక ఇంట్లో పెరుగు మారితే, ఎవరూ పూనుకోకుండానే ఆ మార్పు నలభై రోజుల్లో వీధంతా పాకుతుంది. పేపర్లో వేశారు. మావారు ఆ పటాన్ని ఫ్రేము కట్టించి ప్రయోగశాలలో తగిలించి నన్ను తీసుకెళ్లి చూపించారు. మధ్యలో ఎర్ర చుక్క మా ఇల్లు. "ఈ వీధికి మూలం నువ్వే హైమా" అన్నారు. నన్ను పొగడ్డం అదే మొదటిసారి. నేను అప్పుడే జాగ్రత్త పడాల్సింది. దానికి బదులు మురిసిపోయి వారం రోజులు ఆయనకి ఇష్టమైన పనసపొట్టు కూర వండాను.

ఈ జనవరి నుంచి కేంద్రం వాళ్లు నెలకో శనివారం వీధిలో ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టడం మొదలుపెట్టారు. బీపీ చూసేవారు, బరువు చూసేవారు, చివర్లో రెండు రకాల బిస్కెట్లు పెట్టి ఏది రుచిగా ఉందో చెప్పమనేవారు. ఆదరణ అంటే ఇదీ అనుకున్నాం. ఏప్రిల్ నాటికి రిటైరైన కాంపౌండరు గారికి బీపీ మాత్ర సగమైంది. ఎదురింటి ముసలావిడకి కాళ్ల వాపు తగ్గింది. వీధి గాలిలోనే ఏదో మంచి ఉందని చెప్పుకున్నాం.

మార్చిలో మా చెల్లెలు అనసూయ విజయవాడ నుంచి వచ్చి నాలుగు రోజులుంది. మొదటి పూట పప్పుచారు కలుపుకుని రెండు ముద్దలు తిని, ఉప్పు డబ్బా అడిగింది. రెండో పూటా అడిగింది. మూడో రోజు "అక్కా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా? ఆసుపత్రి తిండిలా ఉందే" అంది. బావగారు ఏనాడూ వంక పెట్టలేదు, నీకే విజయవాడ హోటలు రుచి అలవాటైందని నేను దెప్పాను. నా వంటకి పేరు పెట్టని భర్త ఎంతమందికి దొరుకుతాడని కూడా అన్నట్టు గుర్తు. ఆయన తలొంచుకుని తింటున్నారు.

ఆ నెలలోనే నూకరత్నానికి దెబ్బ తగిలింది.

నూకరత్నం మా మూడో ఇల్లు. చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో పెళ్లివంటలు ఆవిడవే. ఆరుగురు ఆడవాళ్లని వెంటేసుకుని ముందురోజు వెళ్లి, పొయ్యిలు వేయించి, వెయ్యిమందికైనా వండుతుంది. అండాలో గరిటె తిప్పి, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాలిక్కి తాకించి, "ఇంకో గుప్పెడు" అంటే అది ఇంకో గుప్పెడే. మొగుడు తొమ్మిదేళ్ల కిందట పోతే, ఆ అరచెయ్యి మీదే ఇద్దరు కూతుళ్లని చదివించింది. అలాంటి మనిషి రావులపాలెం పక్క ఒక పెళ్లిలో మొదటి బంతికి పెట్టిన వంట మొత్తం చప్పగా ఉందన్నారు. మగపెళ్లివారు విస్తళ్ల ముందు నుంచి లేచిపోయారు. ఆవిడ మళ్లీ రుచి చూసింది. ఆవిడ నాలిక్కి సరిపోయింది. తన మనుషులు ఆరుగురినీ చూడమంది. వాళ్లూ మా వీధివాళ్లే. సరిపోయిందన్నారు. ఏడుగురు సరిపోయిందన్న దాన్ని నాలుగు వందల మంది తినలేకపోయారు.

ఇంకో రెండు పెళ్లిళ్లలోనూ అదే జరిగింది. ఎవరో గిట్టనివాళ్లు చేశారని కొందరన్నారు. వయసన్నారు ఇంకొందరు. రత్నం మా అరుగు మీద కూర్చుని, "నాలిక చచ్చిపోయిందక్కా" అంది. ఏడవలేదు. గరిటె పాడైందని చెప్పినట్టు చెప్పింది.

అనసూయ మాట అప్పుడు నాకు మళ్లీ చెవిలో పడింది. చదివిన చదువు ఒక్కసారైనా అక్కరకి రావాలి కదా. లీటరు నీళ్లకి ఇంత అని ఉప్పు తూచి మూడు రకాల చారు కాచాను. ఒకటి సగం ఉప్పు, ఒకటి ముప్పావు, ఒకటి నిండుగా. గ్లాసుల కింద మాత్రమే గుర్తులు పెట్టాను. ఇది ఉప్పు పరీక్ష, ఇష్టమైతేనే తాగండని ముందే చెప్పి, వీధిలో పన్నెండు మందికి ఇచ్చాను. పదకొండు మంది సగం ఉప్పుదే సరిపోయిందన్నారు. నేనూ అదే అన్నాను. నిండు ఉప్పుదాన్ని తాగి రత్నమైతే సముద్రమంది. ఆ నిండు గ్లాసే బాగుందన్నది ఒక్క కోమలి. తహసీల్దారు ఆఫీసులో పనిచేస్తుంది, వంటకి టైముండదు. ఆరోజు కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకీ మూడు గ్లాసులూ ఇచ్చాను. ఆయనా కోమలి పక్షమే. అమ్మగారూ, మొదటి రెండూ ఎవరికైనా పథ్యమా అని అడిగాడు.

కోమలికీ మీటరాయనకీ ఏమిటి సంబంధం అని రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు పొద్దున్న కోమలి గుమ్మం ముందు పాలవాడి బదులు ఆవిడే కొట్టు నుంచి వస్తూ కనిపించింది. చేతిలో పెరుగు ప్యాకెట్టు.

ఆ మధ్యాహ్నం క్యారేజీ నేనే పట్టుకుని కేంద్రానికి వెళ్లాను. మావారు గదిలో ఒక్కరే ఉన్నారు. గోడ మీద పటం మారింది. నలభై మూడు చుక్కల్లో నలభై రెండు ఆకుపచ్చగా ఉన్నాయి. మా ఇల్లు కూడా. కోమలి ఇల్లు ఒక్కటే తెల్లగా మిగిలింది. మూడు గ్లాసులు ఆయన బల్ల మీద పెట్టి, ఏది బాగుందో చెప్పమన్నాను. మొదటిది చప్పరించి పక్కన పెట్టారు. మూడోది మొత్తం తాగేశారు.

"ఇది బాగుంది."

"అది బాగుందన్నవాళ్లు ఈ వీధిలో ముగ్గురేనండీ. కోమలి, మీటరాయన, మీరు. వాళ్లిద్దరూ నా పెరుగు ఎప్పుడూ తినలేదు. మీరు జనవరి నుంచి మానేశారు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు తుడిచారు. ఆ తర్వాత చెప్పారు. చెబుతున్నకొద్దీ గొంతులో ఉత్సాహం వచ్చింది, అదీ నేను మరిచిపోలేనిది. మా పెరుగులోనే ఉండే ఒక జీవిని తీసుకుని ఆరేళ్లు మార్చి మార్చి పెంచారట. అది నాలిక మీద నిలదొక్కుకుని, ఉప్పుని గుర్తుపట్టే చోట రేడియో గొంతు పెంచినట్టు పెంచుతుందట. సగం ఉప్పు వేసినా నాలిక్కి నిండుగా తెలుస్తుంది. మనిషి తనంతట తానే తగ్గించుకుంటాడు. మందు లేదు, పథ్యం లేదు. రోజూ తినే పెరుగన్నం చాలు.

"తొమ్మిది పాయింట్లు తగ్గింది హైమా, వీధి సగటు బీపీ. కాంపౌండరు గారిని చూశావుగా. రాష్ట్రమంతా చేస్తే ఎన్ని పక్షవాతాలు ఆగుతాయో లెక్క వేశాం."

"అడగొచ్చుగా మమ్మల్ని."

"చెబితే నాలిక నిజం చెప్పదు. తెలిసి తింటే అన్నీ చప్పగానే అనిపిస్తాయి. తెలియకుండా ఉంటేనే ఫలితం."

"దీనికి అనుమతి ఇచ్చే కమిటీ ఒకటుంటుందిగా. వాళ్లకేం చెప్పారు?"

"ఇళ్ల నుంచి పెరుగు సేకరణ అని రాశాను." కళ్లజోడు పెట్టుకుని, "సేకరించాం కూడా" అన్నారు.

జనవరి రెండో వారంలో ఒక పొద్దున్న, నేను స్నానానికి వెళ్లినప్పుడు, ఆయన నా తోడు గిన్నెలో చిన్న సీసాడు పోశారు. ముప్పయ్యేళ్లలో ఆయన వంటింట్లో చేసిన పనుల్లో అదొక్కటే చెడిపోకుండా కుదిరింది. మిగతాదంతా వీధి పద్ధతే చేసిపెట్టింది.

"వీధిలో వాళ్లకి ఎలా పెట్టబుద్ధయిందండీ మీకు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశారు. "నేనెవరికీ పెట్టలేదు హైమా. నువ్విచ్చావు."

బల్ల సొరుగు సగం తెరిచి ఉంది. అందులో చిన్న చిన్న కాగితం పొట్లాలు, వరసగా. పక్కన తారీఖు, పూట, గ్రాములు రాసిన పుస్తకం. ఈ ఐదు నెలలూ ఆయన చొక్కా జేబుల్లో తెల్లపొడి కనబడితే, ఏదో ప్రయోగశాల రసాయనమనుకుని ఆ చొక్కాలు విడిగా ఉతికాను. ఒక పొట్లం విప్పి నాలిక్కి తాకించాను. ఉప్పు. నాకైతే నోరు చేదెక్కేంత ఉప్పు. ప్రతి పూటా నేను వడ్డించి వంటింట్లోకి వెళ్లగానే చల్లుకుని తినేవారన్నమాట. నా చెయ్యి చెడిపోతుంటే పక్కన కూర్చుని, పూటకింతని రాసుకుంటూ, నన్ను ఒక్కమాట అనకుండా ఐదు నెలలు తిన్నారు.

తగ్గుతుందా అని అడిగాను. నలభై రెండిళ్లలోనూ ఒకే రోజు పెరుగు పారబోసి, గిన్నెలు మరిగించి, బయట నుంచి కొత్త తోడు తెచ్చుకుంటే ఆరేడు వారాల్లో నాలిక మామూలుకి రావచ్చన్నారు. చాలామందికి వస్తుందని అనుకుంటున్నాం, అందరికీ అని చెప్పలేమన్నారు. తర్వాత ఒక ఉపాయం చెప్పారు. దీన్ని చంపే ఇంకో తోడు కేంద్రంలో ఉంది. అది గిన్నెలో వేస్తారట. నేను మామూలుగా ఇస్తూ పోతే నలభై రోజుల్లో అంతా సర్దుకుంటుంది. రత్నం నాలికా వస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

"మళ్లీ నా చేత్తోనా?" అన్నాను.

ఆయన్నే వీధికి చెప్పమన్నాను. రెండు వారాలు ఆగమన్నారు. నివేదిక పై వాళ్లకి చేరాలి, ఆ తర్వాత తానే అందరినీ కూర్చోబెట్టి చెబుతానన్నారు. నేను ఆగాను. మనిషి తన తప్పు తనే చెప్పుకుంటే బాగుంటుందనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. వీధికి మూలం నువ్వేనన్న మాట నాకు ఇంకా తియ్యగానే ఉంది. మూలం నుంచి ఏమొచ్చిందో తెలిస్తే ఆ తలుపు మళ్లీ ఎవరు తడతారు?

మా ఇంట్లో పెరుగు పారబోశాను. తోడు కోసం వచ్చినవాళ్లకి పాలు విరిగాయని చెప్పాను. వాళ్లు పక్కింటికి వెళ్లి తెచ్చుకున్నారు. పక్కింటిదీ నాదే కదా.

పన్నెండో రోజు రత్నం వచ్చింది. రైసుమిల్లు సత్తిరాజు గారింట్లో గృహప్రవేశం. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో బాలసారె నుంచి దినం దాకా అన్నిటికీ ఆవిడే వండింది. మిగతావాళ్లంతా వదిలేసినా వాళ్లు వదల్లేదు.

"అక్కా, ఒక్కపూట నాతో రా" అంది. "నువ్వేం చెయ్యక్కర్లేదు. గరిటె నేను తిప్పుకుంటా. ఉప్పు నువ్వు చూడు. నా నాలిక మీద నాకు నమ్మకం పోయింది, నీ నాలిక మీద ఉంది."

నా నాలికా ఆవిడ నాలిక లాంటిదే. ఆ మాట అనాలంటే మిగతా అంతా చెప్పాలి. కనీసం కోమలిని తీసుకెళ్లమని అనొచ్చు. ఎందుకని అడుగుతుంది. తలనొప్పిగా ఉందన్నాను. రత్నం నా నుదురు ముట్టుకుని చూసి, పడుకోమని చెప్పి, వాకిట్లో ఆరేసిన నా బట్టలు తీసి లోపల పెట్టి వెళ్లింది.

ఆ గృహప్రవేశంలో ఎవరూ కేకలు వెయ్యలేదట. విస్తరి పక్కన చిన్న దొన్నెల్లో ఉప్పు పెట్టి వడ్డించారట. భోజనాలయ్యాక సత్తిరాజు గారి భార్య బొట్టు పెట్టి, చీర చేతికిచ్చి, "ఇంక విశ్రాంతి తీసుకో రత్నం" అందట. అందరికంటే మర్యాదగా చెప్పింది ఆవిడే.

తర్వాత వారం రత్నం కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లింది. నాలిక్కి రుచి పోవడం తలలో గడ్డకి గుర్తని ఎవరో చెప్పారు. రెండుసార్లు తిప్పి, మూడోసారి స్కానింగు చేశారు. కూతుళ్లకి చెప్పలేదు. నాకు చెప్పింది. నేను మావారిని రోజూ అడుగుతున్నాను. రోజూ "ఇదిగో, ఈ వారం" అంటున్నారు. పద్నాలుగు రోజులు పంతొమ్మిదయ్యాయి.

పంతొమ్మిదో రోజు సాయంత్రం యూనివర్సిటీ వాళ్లు మా వీధిలోనే సభ పెట్టారు. పనికిరాని బెల్లపు గోదాము శుభ్రం చేయించి, కుర్చీలు వేయించి, బ్యానరు కట్టారు. విజ్ఞానంలో వీధి భాగస్వామ్యం అని దాని మీద ఉంది. సన్మానం అన్నారు. తానే చెబుతానని మావారు పొద్దున నాకు మాటిచ్చారు. అందుకే వెళ్లాను. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను.

డీన్ గారు మాట్లాడారు. జ్ఞానం యూనివర్సిటీ గోడల మధ్య పుట్టదని, ప్రజల వంటిళ్లలో ఉన్నదాన్ని తీసుకుని శాస్త్రంగా మార్చి తిరిగి ప్రజలకే ఇవ్వడం తమ ధర్మమని చెప్పారు. ఆయన మాటలు నాకు నచ్చాయి. పటం గీసిన ఏడాది జరిగింది అచ్చంగా అదే. తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. వీధంతా చప్పట్లు కొట్టింది. రత్నం వెనక వరసలో ఉంది, బస్సు దిగి తిన్నగా వచ్చినట్టుంది. ఒళ్లో ఆసుపత్రి స్కానింగు కవరు.

మావారు మైకు తీసుకున్నారు. నేను చీర కొంగు ముడి పట్టుకుని కూర్చున్నాను. ఆయన కాగితం చూసి చదివారు. వీధి మహిళల సహకారంతో పెరుగు ద్వారా ఒక మేలైన జీవి ప్రవేశపెట్టబడింది. రక్తపోటు తగ్గించబడింది. స్వల్పంగా రుచి మార్పు గమనించబడింది. ముప్పయ్యేళ్లు కాపురం చేశాను కాబట్టి నాకు తెలుసు. ఆయన చెప్పడం అయిపోయింది. ప్రతిదీ ఎవరో చేసినట్టు కాకుండా దానంతటదే జరిగిపోయింది. ముందు వరసల్లో వాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. కాంపౌండరు గారు లేచి దండం కూడా పెట్టారు.

రత్నం చప్పట్లు కొట్టలేదు. నిలబడింది.

"రుచి మార్పంటే ఏంటి బాబుగారూ?"

ఉప్పు కొంచెం ఎక్కువగా తెలియడమని మావారన్నారు. అది జబ్బు కాదని, మంచిదేనని, కొద్ది ఉప్పుతోనే నాలిక తృప్తి పడుతుందని చెప్పారు. ఎప్పటి నుంచని ఆవిడ అడిగింది. జనవరి నుంచన్నారు.

రత్నం లెక్క వేసుకోవడం నాకు వేదిక మీద నుంచే కనబడింది. రావులపాలెం పెళ్లి. తర్వాత రెండు పెళ్లిళ్లు. సత్తిరాజు గారిల్లు. ఒళ్లోని కవరు. గోదాములో ఒక్కొక్క కుర్చీ సద్దుమణుగుతోంది. కోమలి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"అడిగుంటే నేనే చేసిపెట్టేదాన్ని బాబుగారూ" అంది రత్నం. కోపంగా అనలేదు. "ఇంతమందికీ సగం ఉప్పుతో వండి పెట్టమంటే వండేదాన్ని. అది రుచిగా ఎలా వండాలో కూడా నాకు తెలుసు. మీరు నన్ను అడగాల్సింది."

డీన్ గారు మావారి వైపు చూశారు. మావారు కాగితం వైపు చూశారు.

అప్పుడు రత్నం వాళ్లిద్దరినీ వదిలేసి నా వైపు తిరిగింది. శాలువా కప్పుకుని, ముందు వరసలో కాదు, వేదిక మీద కూర్చున్న నా వైపు.

"అక్కా, నీకు తెలుసా?"

"ఆవిడకేం తెలియదు" అన్నారు మావారు మైకులో, వెంటనే. "ఆవిడకి తెలియకుండానే జరిగింది. ఆవిడని ఏమీ అనకండి."

ఆయన నన్ను చూసి ఆ మాట అనలేదు. కానీ నాకోసమే అన్నారు, అది గుర్తుపట్టగలను. జనవరి సంగతి వరకు చూస్తే అది నిజం కూడా. ఆ నిజంలో నేను కూర్చోవడానికి సరిపడా చోటుంది. ఊరుకుంటే చాలు, నేనూ మోసపోయినదాన్నే అవుతాను. రేపటి నుంచి వీధంతా నన్ను ఓదారుస్తుంది. నా తలుపు మళ్లీ తడతారు.

రత్నం నా మొహంలోకి చూస్తూనే ఉంది. అన్నం పొంగు వచ్చాక మూత తీసి చూస్తుందే, అలా.

నేను లేచి, శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. అది చెవిలో కీచుమంది. ఎవరో సరిచేశారు.

"తెలుసు రత్నం" అన్నాను. "జనవరిలో తెలియదు. పంతొమ్మిది రోజులుగా తెలుసు. నీకు గడ్డా లేదు, జబ్బూ లేదు. నా పెరుగు తిన్నావు, అంతే. అందరం రేపు ఒకే రోజు పారబోస్తే ఆరేడు వారాల్లో నాలిక రావచ్చు, రాకపోనూవచ్చు. నువ్వు ఉప్పు చూడమని వచ్చిన రోజు నాకు తలనొప్పి లేదు. నువ్వు స్కానింగుకి వెళ్లిన రోజూ నేను నోరు మూసుకునే ఉన్నాను. ఈయన చేసింది ఈయన చెప్పుకుంటారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం తప్పు చేశాను."